బొమ్మరైలు పాయింటు వద్ద ఎందుకు పట్టా తప్పును?

మన పాఠశాల విజ్ఞానశాలలో కిటికీ ప్రక్కనున్న పెద్ద బల్లపై ఒక చిన్న రైలుమార్గము కలదని మీ పిల్లల వలన మీరు వినియే యుందురు. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గల ప్లైవుడ్ పలక. దానిపై ఒక చుట్టుమార్గము, లోపల ఒక లూపు లైను, రెండు సైడింగులు, నాలుగు పాయింట్లు. ఇంతే. ఐనను శనివారము మధ్యాహ్నము ఆ గది తలుపు తెఱచుటకు ముందే వరండాలో ఇరువది మంది పిల్లలు చేరియుందురు. ఇటీవల కొందఱి యిండ్లలో గూడ ఇట్టి బొమ్మరైళ్ళు వచ్చినవి. పుట్టినరోజునకో, పండుగకో కొనితెచ్చిన బండి వారము దినములు చక్కగా తిరిగి, పిమ్మట పాయింటు వద్దకు వచ్చినప్పుడెల్ల ప్రక్కకు ఒఱగుచుండును. పిల్లవాడు ఏడ్చును, తండ్రి పట్టకారు తీసికొనును, తల్లి ఆ పెట్టెను అటక పైకి ఎక్కించును. ఇట్టి పెట్టెలు మూడింటిని గూర్చి ఈ సంవత్సరము తలిదండ్రులు మమ్ము అడిగిరి. వారికి నోటిమాటగా చెప్పిన సమాధానమునే ఇచ్చట కొంత వివరముగా వ్రాయుచున్నాము. ఇందులో మా తప్పు గూడ ఒకటి కలదు. దానిని దాచలేదు.

ముందుగా పాయింటు పనిచేయు విధమును తెలిసికొనవలెను. రోడ్డుపై పోవు బండిని నడుపువాడు త్రిప్పును. రైలును పట్టా త్రిప్పును. ఒక మార్గము రెండుగా చీలు చోట చక్రమును ఏదో ఒక వైపునకు నడిపించు ఏర్పాటునకు పాయింటు అని పేరు. దానిలో కదలునవి రెండు పట్టాలు మాత్రమే. అవి ఒక కొనయందు కత్తివలె పలుచగా చెక్కబడి యుండును. వానిని నాలుకలందుము, రైల్వేవారి టంగ్ రైలు అను మాటకు అర్థము అదియే. ఈ రెండింటిని ఒక అడ్డుపట్టె కలిపి యుంచును. లీవరును ఇటు వేసినచో ఒక నాలుక తన ప్రక్కనున్న కదలని పట్టాకు అంటుకొనును, రెండవది తన ప్రక్క పట్టాకు దూరముగా జరుగును. అటు వేసినచో దీనికి వ్యతిరేకము. నాలుకల వైపు నుండి వచ్చు బండికి రెండు దారులు ఎదురుగా నుండును గనుక దానిని ఎదురు పోక అందుము. చీలిన మార్గముల నుండి నాలుకల వైపునకు వచ్చుట తిరుగు పోక. ఈ భేదమును గుర్తుంచుకొనవలెను, ముందు పనికివచ్చును.

నాలుకలను దాటి కొంత దూరము పోయిన పిమ్మట ఒక మార్గపు కుడి పట్టాయు, రెండవ మార్గపు ఎడమ పట్టాయు ఒకదానినొకటి ఖండించును. చక్రమునకు లోపలి వైపున క్రిందికి పొడుచుకొని యుండు అంచును ఫ్లాంజి అందురు. అది ఉక్కు పట్టాను కోసికొని పోజాలదు గదా. కావున అచ్చట పట్టాలో సందు విడువబడును. ఆ సందునకు ఆవల రెండు పట్టాలు కలిసి కోణాకారముగా ఏర్పడిన మొనయే క్రాసింగు ముక్కు. బొమ్మరైళ్ళవారు దీనిని ఫ్రాగ్ అందురు. మన పిల్లలు కప్ప యని నవ్వుకొందురు గాని, గుఱ్ఱపు డెక్క అడుగున నుండు ముక్కోణపు మెత్తని భాగమునకు గూడ ఇంగ్లీషున అదే పేరు, పోలిక అచ్చటిది.

ఈ సందును దాటు క్షణమున చక్రమునకు దారిచూపు పట్టా లేదు. అది ముక్కునకు సరియైన వైపుననే పోవునని ఎవరు హామీ యిత్తురు? ఎదుటి పట్టా ప్రక్కన పొట్టిగా నుండు మఱొక పట్టా ఇచ్చును. దాని పేరు చెక్ రైలు. ఎదుటి చక్రపు వీపును అది పట్టి యుంచును. రెండు చక్రములును ఒకే ఇరుసుపై బిగింపబడినవి గనుక, ఒకటి నిలిచినచో రెండవది గూడ తన దారిని విడువజాలదు. చెక్ రైలు ఉన్నది చక్రమును మోయుటకు కాదు, దానిని ఈ విధముగా పట్టి యుంచుటకే. ఈ యొక్క విషయము మనసునకు ఎక్కినచో పాయింటు వద్ద జరుగు ప్రమాదములలో సగము వాని గుట్టు వీడినట్లే.

ఇక మా కథ. గత సంవత్సరపు విజ్ఞాన ప్రదర్శన కొఱకు లూపు లైనునకు ఒక క్రొత్త పాయింటును కొని అమర్చితిమి. మిగిలిన మూడును పాతవి. ప్రదర్శననాడు ఇంజను నడుపు బాధ్యతను ఎనిమిదవ తరగతి బాలునకు అప్పగించితిమి. పాత పాయింట్ల మీదుగా బండి నిరాటంకముగ పోయినది. క్రొత్త పాయింటు వద్దకు వచ్చిన ప్రతిసారి మూడవ పెట్టె పడిపోయినది. చుట్టును పెద్దలు నిలిచి యుండిరి. “నెమ్మదిగా నడుపుము” అని మేము ఒకమారు చెప్పితిమి, రెండవమారు కసరితిమి, మూడవమారు వాని చేతి నుండి మీటను తీసికొని వేఱొకరికి ఇచ్చితిమి. ఆ రెండవవాడు నడిపినప్పుడును పెట్టె పడినది. కాని అప్పటికి మొదటివాడు గది విడిచి వెళ్ళిపోయి యుండెను.

మఱుసటి శనివారము మేము మఱొక తీర్పునకు వచ్చితిమి: బాలుడు కాదు, క్రొత్త పాయింటే చెడ్డది. పాతవాని మీద పడని పెట్టె క్రొత్తదాని మీద పడుచున్నది గదా. తర్కము ఎంత సులభముగా నున్నది! సన్నని ఆకురాయి తెప్పించి, చెక్ రైలును అరగదీయుటకు కూర్చుంటిమి. అదే సమయమునకు నాలుగవ తరగతి బాలిక యొకతెను తీసికొని పోవుటకు ఆమె తాతగారు వచ్చిరి. వారు రైల్వేలో పట్టాల గ్యాంగునకు మేస్త్రీగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవారు. ద్వారము వద్దనే నిలిచి కొంతసేపు చూచి, “మాస్టారూ, ఆ ఆకురాయి కాస్త పక్కన పెట్టండి. ముందు ఏ చక్రం పడింది?” అని అడిగిరి.

“మూడవ పెట్టె” అంటిమి.

“పెట్టె కాదండీ, చక్రం. పడిన చోటు సంగతి తర్వాత. ఎక్కడ ఎక్కింది?”

మా వద్ద సమాధానము లేదు. అప్పుడు వారు చెప్పిన విషయము మాకు నేటికిని జ్ఞాపకమున్నది. పెద్ద రైలు పట్టా తప్పినప్పుడు విచారణకు వచ్చినవారు బండి పడియున్న చోట ఆగరు. వెనుకకు నడిచి, చక్రపు అంచు పట్టా తలపైకి ఎక్కిన చోటును మొదట వెదకుదురు. ఎక్కిన చోటు వేఱు, పడిన చోటు వేఱు. వాని నడుమ కొన్ని గజముల దూరముండవచ్చును. పడిన చోటనే కారణమును వెదకువాడు నిర్దోషియైన పట్టాను నిందించును. బొమ్మరైలు విషయమున ఆ దూరము రెండంగుళములే కావచ్చును గాని, న్యాయము ఒకటే.

వారు ఇంజనును తీసివేయించిరి. మూడవ పెట్టెను ఒక్కదానిని పట్టాలపై ఉంచి, వ్రేలితో మెల్లగా నెట్టుచు, కన్ను పలక మట్టమునకు వంచి చూడుమని మమ్మే ఆజ్ఞాపించిరి. నత్తనడకతో పోయినను పెట్టె లేచినది. చెక్ రైలు మొదలు వద్దనే వెనుక చట్రపు మొదటి ఇరుసు కొంచెము పైకి లేచి, ముక్కు దాటిన పిమ్మట ప్రక్కకు పడినది. వేగమునకు దీనితో సంబంధమే లేదని రెండు నిమిషములలో తేలిపోయినది. అటుపిమ్మట తక్కిన నాలుగు పెట్టెలను ఒక్కొక్కటిగా నెట్టించిరి. ఒక్కటియు పడలేదు. “పట్టా తప్పయితే అన్నీ పడాలి. బండి తప్పయితే అదొక్కటే పడుతుంది” అని వారు మనుమరాలి చేయి పట్టుకొని వెళ్ళిపోయిరి. ఆమె పుస్తకాల సంచి మఱచిపోయినందున మఱల వచ్చిరి గాని, మేము అప్పటికే భౌతికశాస్త్రపు బీరువాలో వెర్నియర్ కాలిపర్‌ను వెదకుచుంటిమి.

ఇచ్చట కొన్ని అంకెలు చెప్పక తప్పదు. మన బల్లపై నున్నది హెచ్.ఓ. అను సైజు. 1891లో జర్మనీ దేశపు లైప్జిగ్ సంతలో మెర్క్లిన్ సంస్థవారు బొమ్మరైళ్ళ పట్టాలకు నియమితమైన వెడల్పులను ప్రవేశపెట్టిరి. వానిననుసరించి తరువాత వచ్చిన ఓ సైజునకు పట్టాల నడిమి దూరము 32 మిల్లీమీటర్లు. దానిలో ఇంచుమించు సగము గనుక హాఫ్ ఓ, అనగా హెచ్.ఓ.; దూరము 16.5 మిల్లీమీటర్లు. ఐరోపా అమెరికా ఖండముల పెక్కు మార్గములకుగల 1435 మిల్లీమీటర్ల గేజిని 87వ వంతునకు తగ్గించిన ఇదియే వచ్చును. మన దేశపు బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు. దాని 87వ వంతు 19.3. కావున మన ఎక్స్‌ప్రెస్ పెట్టెల నమూనాలను ఈ పట్టాలపై నడుపువారు గేజి విషయమున కొంత రాజీపడుచున్నారు. అది వేఱు సంగతి. ఒక సంస్థ చేసిన బండి వేఱొక సంస్థ చేసిన పట్టాపై నడువవలెనన్నచో అందఱును ఒకే కొలతలకు కట్టుబడవలెను. అమెరికాలో 1935లో మిల్వాకీ నగరమున ఏర్పడిన నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ ఈ పనికే పూనుకొన్నది. క్రింది కొలతలు అట్టి ప్రమాణములకు దగ్గఱగా నున్నవి.

పట్టాల నడుమ 16.5. చెక్ రైలునకును దాని ప్రక్క పట్టాకును నడుమ ఫ్లాంజి పోవు సందు సుమారు 1.25. క్రాసింగు ముక్కు ప్రక్కనున్న రెక్క పట్టా వద్దను సందు అంతే. ఒక ఇరుసుపైనున్న రెండు చక్రముల వీపుల నడిమి దూరము సుమారు 14.4. ఫ్లాంజి మందము 0.76కు మించరాదు. ఇప్పుడు పిల్లలచేత రెండు తీసివేతలు చేయింపుడు. 16.5 నుండి ఒక సందును తీసివేసిన 15.25, చెక్ రైలు నుండి ముక్కు వఱకు గల దూరమిది. చక్రపు వీపు చెక్ రైలును ఆనుకొన్నప్పుడు ఎదుటి ఫ్లాంజి ఎంత దూరము చేరును? 14.4కు 0.76 కలిపిన 15.16. అనగా 0.09 మిల్లీమీటరు తేడాతో ముక్కు తప్పించుకొన్నది. ఇక 16.5 నుండి రెండు సందులను తీసివేసిన 14.0, చెక్ రైలునకును రెక్క పట్టాకును వెలుపలి కొలత. రెండు చక్రముల వీపులు ఈ రెండింటిని నడుమ నుంచుకొని పోవలెను గనుక వాని దూరము 14.0 కంటె ఎక్కువగా నుండవలెను. 14.4 ఉన్నచో ధారాళముగా పోవును.

మా మూడవ పెట్టెలోని ఆ ఇరుసును కొలిచితిమి. 13.9 ఉండెను. ఒక మిల్లీమీటరులో పదియవ వంతు మాత్రమే తక్కువ; కాని తక్కువ తక్కువే. చక్రములు ఆ రెండు పట్టాలను లోపల ఇముడ్చుకొనలేక వానిపైకి ఎక్కినవి. మామూలు పట్టాపై అట్టి ఇబ్బంది లేదు. ఫ్లాంజి లోపల కొంచెము ఎక్కువగా కదలును, అంతే. ఆ పెట్టె పది మీటర్లు పోయినను, నూఱు మీటర్లు పోయినను దాని దోషము బయటపడదు. మఱి పాత పాయింట్లపై ఎట్లు పోయినది? వాని సందులను గూడ కొలిచితిమి. 1.4 చొప్పున నుండెను. 16.5 నుండి రెండు 1.4లు పోగా 13.7. కావున 13.9 గల దోషపు ఇరుసు దానిలో సుఖముగా దూరిపోయినది. కొలత ప్రకారమున్న క్రొత్త పాయింటు దానిని పట్టుకొన్నది. వదులైన పాత పాయింట్లు దానిని వదలివేసినవి. మేము ఆకురాయి పట్టినది నాలుగింటిలో సరియైన ఒక్కదానిని చెడగొట్టుటకు!

చక్రములను ఇరుసు చివరలవైపు మెల్లగా మెలిత్రిప్పుచు లాగి 14.4కు తెచ్చితిమి. ఇరుసునకు రెండు వైపుల సమానముగా జరిగినదా యని చూచితిమి. పిమ్మట ఆ పెట్టె క్రొత్త పాయింటును ఇరువది మారులు ఎదురు పోకను, ఇరువది మారులు తిరుగు పోకను దాటినది. సోమవారము ఉదయము ప్రార్థన పిమ్మట ఆ బాలుని పిలిచి, తప్పు వానిది కాదనియు, మాదనియు, అందఱి యెదుట మీటను లాగికొనుట ఇంకను పెద్ద తప్పనియు అందఱి యెదుటనే చెప్పితిమి. వాడు “సరేనండి” అని మాత్రమనెను. శనివారము వచ్చుటకు వానికి మఱి రెండు వారములు పట్టినది.

పాత పాయింట్ల లెక్క గూడ చూడవలెను గదా. సందు 1.4 ఐనచో చెక్ రైలు నుండి ముక్కునకు దూరము 15.1, మంచి చక్రము చేరునది 15.16. అనగా సరియైన చక్రము అచ్చట ముక్కును తాకును. చెవి ఒగ్గి వినగా ప్రతి పెట్టెయు ముక్కు వద్ద టిక్కుమని చప్పుడు చేయుచునే యుండెను. ఇన్నాళ్ళు దానిని రైలు చప్పుడనుకొని ఆనందించితిమి. చెక్ రైలు లోపలి ముఖమునకు, చక్రపు వీపు రాసికొను వైపున, 0.15 మిల్లీమీటరు మందముగల ప్లాస్టిక్ రేకు సన్నని పేలికను అంటించినంతనే చప్పుడు ఆగిపోయినది. ఈ పేలికను చెక్ రైలు కొనలయందు కొంచెము ఏటవాలుగా కోయవలెను, లేనిచో చక్రము దాని అంచునకే కొట్టుకొనును.

పెద్ద రైలునందును లెక్క ఇదియే. బ్రాడ్ గేజిలో క్రాసింగునకు ఎదుటి చెక్ రైలు సందు 44 నుండి 48 మిల్లీమీటర్లు. చక్రముల వీపుల దూరము సుమారు 1600. తీసివేతలు మీరే చేసికొనవచ్చును. కాని 44ను 87తో భాగించిన అర మిల్లీమీటరు వచ్చును; బొమ్మరైలునందు 1.25 ఉన్నది. బొమ్మ చక్రములు పోలికకు మించి లావుగా నుండును గనుక సందులును వెడల్పుగా నుండవలసి వచ్చినది. పెద్దదానిని కేవలము చిన్నదిగా చేసినంతమాత్రమున అది నడువదు.

అన్ని ప్రమాదములును ముక్కు వద్దనే జరుగవు. ఇంజను గాని, ముందు పెట్టె గాని ఎదురు పోకలో మొదటనే, నాలుక కొన వద్దనే ఎక్కినచో కారణము వేఱు. నాలుక ప్రక్క పట్టాకు పూర్తిగా అంటుకొనుట లేదని దాని అర్థము. వార్తాపత్రిక నుండి సన్నని పేలిక చించి ఆ రెంటి నడుమ నుంచి నాలుకను మూయుడు. పేలిక లాగిన ఊడి వచ్చినచో బిగింపు చాలలేదు. నాలుకల క్రింద ఇసుక రేణువు, జిగురు చుక్క, కంకరగా చల్లిన పొడి యుండును. పాత పండ్లకుంచెతో దులిపినచో పెక్కుమార్లు అదియే చాలును. అటుపిమ్మట గోరును పట్టా లోపలి అంచు వెంబడి బండి వచ్చు దిక్కున జరుపుడు. గోరు నాలుక కొనకు తగిలినచో ఫ్లాంజియు తగులును. ఇచ్చట మాత్రము సన్నని ఆకురాయికి పని కలదు: కొనను పలుచగా, కొంచెము క్రిందికి వాలునట్లు, రెండు మూడు రాపిడులతో సరిచేయవలెను. అరగదీసినది మఱల రాదు గనుక ప్రతి రాపిడి తరువాత బండిని నెట్టి చూడవలెను. అడ్డుపట్టెను నొక్కిపట్టు స్ప్రింగు బలహీనమైనచో ఎంత అరగదీసినను ప్రయోజనము లేదు.

పాయింటు మట్టము గూడ చూడదగినది. అమర్చునప్పుడు మేకును గట్టిగా దిగగొట్టినచో స్లీపరు నడుమ క్రుంగి, పట్టాల తలలు లోపలికి ఒరగి, గేజి తగ్గును. ఇది మా చేతులతో మేము చేసినదే. మేకు తల స్లీపరును తాకినంతనే ఆపవలెను. వానకాలమున ప్లైవుడ్ తేమ పీల్చి ఉబ్బును, వేసవిలో పట్టా వేడికి సాగును. మీటరు పొడవు పట్టా 20 డిగ్రీల వేడికి సుమారు 0.3 మిల్లీమీటరు పెరుగును. అతుకుల వద్ద అంతపాటి సందైనను విడువనిచో పట్టా వంగి పాయింటు మొదలున మూపురము లేచును. నిలువుటద్దపు ముక్కను పలకపై నిలిపి పట్టా వెంబడి చూచినచో ఇట్టి వంకరలు కంటికి స్పష్టముగా తోచును. ఒక పాయింటు నుండి ఎడమకు తిరిగిన బండి వెంటనే మఱొక పాయింటుపై కుడికి తిరుగవలసి వచ్చినచో పొడవు పెట్టెలు ఒకదానినొకటి ప్రక్కకు లాగికొనును. ఆ రెండు వంపుల నడుమ కనీసము అన్నిటికంటె పొడవైన పెట్టె యంత తిన్నని పట్టా ఉండవలెను.

పెట్టెల విషయమున మూడు మాటలు. కొక్కెము క్రింద వంకర తీగ వ్రేలాడు రకములలో ఆ తీగ క్రిందికి వంగి క్రాసింగునకు తగులుకొనును. పట్టా తలకు పైన నుండునట్లు దానిని వంచవలెను. పెట్టె క్రింద రెండు చట్రముల మరలను రెంటిని బిగించరాదు, రెంటిని వదులు చేయరాదు. ఒకటి అటునిటు తిరుగుట మాత్రమే, రెండవది తిరుగుటతో పాటు ప్రక్కలకు ఊగుట గూడ ఉండవలెను. మూడు కాళ్ళ పీట ఎగుడుదిగుడు నేలపై కదలకుండ నిలుచుటకు ఏ కారణమో దీనికి నదియే. ఇక బరువు. అమెరికా సంఘమువారి సూచన ప్రకారము హెచ్.ఓ. పెట్టెకు ఒక ఔన్సు, దానికి తోడు ప్రతి అంగుళము పొడవునకు అర ఔన్సు. ఆఱంగుళముల పెట్టెకు నాలుగు ఔన్సులు, అనగా సుమారు 113 గ్రాములు. కొన్న పెట్టెలు పెక్కింటికి ఇందులో సగమైనను ఉండదు. ఇనుప వాషర్లను పెట్టె అడుగున, ఎంత క్రిందుగా వీలైన అంత క్రిందుగా అంటించవచ్చును. పిల్లలు ముట్టుకొను వస్తువు గనుక సీసము వలదు.

నడుపువాని తప్పులును లేకపోలేదు. బండి పూర్తిగా దాటకముందే పాయింటును మార్చుట, పొడవైన బండిని వేగముగా వెనుకకు నెట్టుట, పాయింటు వేఱొక మార్గమునకు వేసియుండగా తిరుగు పోకన రావించుట. ఈ మూడే ముఖ్యమైనవి. కాని పిల్లవానిని అనుటకు ముందు వ్రేలితో ఒక పెట్టెను నెట్టి చూచుట రెండు నిమిషముల పని. కంటికి అందనిచో మీ సెల్‌ఫోనులో నెమ్మది చిత్రము తీయు సౌకర్యము కలదు. దానిని పట్టాల మట్టమున ఉంచి తీసినచో చక్రము ఎక్కు క్షణము ఆగి కనబడును.

ఇప్పుడు మా గదిలో ఒక నోటుపుస్తకము కలదు. బండి పడినప్పుడు దానిని వెంటనే ఎత్తరాదని మా మొదటి నియమము. ఏ పాయింటు, ఏ మార్గము, ఎదురు పోకయా తిరుగు పోకయా, ఏ పెట్టె, ఎన్నవ ఇరుసు, ఎక్కడ ఎక్కినది – ఇవి వ్రాసిన తరువాతనే చేయి వేయవలెను. ఆ పుస్తకము వ్రాయువాడు ఆ ఎనిమిదవ తరగతి బాలుడే. ఇప్పుడు తొమ్మిదికి వచ్చినాడు. ఇంతవఱకు 41 నమోదులు జరిగినవి. వానిలో 23 పెట్టెల దోషములు, 13 పాయింట్లవి, 5 నడుపువారివి. ఆ అయిదింటిలో రెండు మావి అని వాడు మర్యాదగా, చిన్న అక్షరములతో వ్రాసినాడు.

ఇంటి బండ్లను చూపదలచిన తలిదండ్రులు శనివారము మధ్యాహ్నము మూడు గంటలకు విజ్ఞానశాలకు తీసికొని రావచ్చును. కాలిపర్, ఆకురాయి, ప్లాస్టిక్ రేకులు ఇచ్చటనే కలవు. పాయింటుతో పాటు పడిన పెట్టెను గూడ తప్పక తేవలెను. ఇంతవఱకు వచ్చిన ముగ్గురును పాయింటును మాత్రమే తెచ్చిరి.